హైస్కూల్లో రెండో ప్రపంచ యుద్ధం: పాఠాన్ని మన తీరం నుంచి వెనక్కి నడపండి

మాస్టారూ, మీ ప్రశ్న చదివాను. కాశీనగర్ దగ్గర ఒడియా మీడియం హైస్కూల్లో కొత్తగా చేరారు. తరగతిలో సగం మందికి ఇంటి భాష తెలుగు, మిగతావాళ్ళలో ఒడియా పిల్లలు, సవర పిల్లలు ఉన్నారు. యుద్ధం పాఠానికి ఆరేడు పిరియడ్లకు మించి దొరకవు. పిల్లలు తేదీలు గడగడా అప్పజెప్పేస్తున్నారు గానీ ఒక్కరూ నోరు తెరిచి ప్రశ్న అడగడం లేదు. అడిగిన ఒక్క కుర్రాడూ "హిట్లర్ మంచి లీడరే కదా సార్" అన్నాడు. ఈ పాఠం ఎలా చెప్పాలి, ఆ కుర్రాడికి ఏం జవాబివ్వాలి అని అడిగారు.

నేను రాయగడ, గుణుపూర్ వైపు బళ్ళలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. అక్కడి పిల్లలు నన్ను దిదీ అనే పిలిచేవారు. మీకున్న తరగతులే నాకూ ఉండేవి కాబట్టి నేను చేసిన పద్ధతే చెబుతాను.

పుస్తకాలన్నీ మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీతో జరిగిన 1919 వెర్సాయ్ ఒప్పందంతో మొదలుపెట్టి 1945 దాకా వరసగా నడుస్తాయి. ఆ వరసలో తప్పేమీ లేదు. కానీ వంశధార ఒడ్డున కూర్చున్న పద్నాలుగేళ్ళ పిల్లకి వెర్సాయ్ ఎంత దూరమో, ఆ ఒప్పందంతో తనకేం పనో తెలియదు. తెలియదు కాబట్టే బట్టీ పడుతుంది. అందుకని నేను పాఠాన్ని తిరగేసి చెప్పేదాన్ని. 1942 ఏప్రిల్ 6, సోమవారం, విశాఖపట్నం రేవు. అక్కడ మొదలుపెట్టి ఒక్కో మెట్టూ వెనక్కి వెళ్ళడం. ప్రతి మెట్టు దగ్గరా ఒకే ప్రశ్న: ఇది జరగాలంటే దీనికి ముందు ఏం జరిగుండాలి? దానికి తోడు ఇంకొకటి: ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారు? ఈ రెండూ అలవాటైతే వెర్సాయ్ దాకా పిల్లలే మిమ్మల్ని లాక్కుపోతారు.

మొదటి పిరియడ్‌లో పుస్తకం తెరవనివ్వకండి. బోర్డు మీద బంగాళాఖాతం గియ్యండి, రాష్ట్రాల సరిహద్దులు గియ్యకండి. ముందు వంశధార గియ్యండి, ఎందుకంటే అది వాళ్ళకు తెలుసు. అది కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కణ్ణుంచి పైకి గోపాలపూర్, కిందికి భీమిలి, విశాఖ, కాకినాడ. ఎదుటి ఒడ్డున బర్మాలోని రంగూన్, మధ్యలో అండమాన్. అప్పుడు చెప్పండి: ఆ రోజు విశాఖ రేవు మీదా కాకినాడ మీదా జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఎక్కణ్ణుంచి వచ్చాయి?

అందరూ "జపాన్ నుంచి" అంటారు. స్కేలు ఇచ్చి అట్లాసులో కొలవమనండి. ఐదు వేల కిలోమీటర్ల పైమాటే. ఆ కాలపు విమానం అంత దూరం వచ్చి, బాంబు వేసి, తిరిగి వెళ్ళగలదా? కాసేపు గోల అవుతుంది. అవనివ్వండి. అండమాన్ అని ఒకరంటారు, మార్చి 23నే జపాన్ దాన్ని పట్టుకుంది కాబట్టి అది మరీ పిచ్చి జవాబు కాదు. చివరికి ఎవరో ఒకరు "ఓడ మీంచి" అంటారు. అదే నిజం. ర్యూజో అనే విమానవాహక నౌక బంగాళాఖాతంలోకి వచ్చింది. దాన్ని నడిపించుకొచ్చిన అడ్మిరల్ ఒజావా దళం ఆ కొద్ది రోజుల్లో ఒరిస్సా, ఆంధ్ర తీరాలకు ఎదురుగా ఇరవై వరకు వర్తక నౌకల్ని ముంచేసింది. ముందురోజు ఈస్టర్ ఆదివారం ఇంకో పెద్ద జపాన్ దళం శ్రీలంకలోని కొలంబో మీద దాడి చేసింది, 9వ తేదీన ట్రింకోమలీ మీద. వీటన్నిటినీ బోర్డు మీద బాణాలుగా వేస్తే చాలు, నోట్స్ అక్కర్లేదు.

ఒడ్డున ఏం జరిగిందో కూడా చెప్పండి, పిల్లలు చెవులు రిక్కించేది అక్కడే. విశాఖలో జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్ళకు పోయారు. ఆ ఏడాది ఆంధ్రా యూనివర్సిటీని గుంటూరుకు తరలించారు. మద్రాసులో ప్రభుత్వ ఆఫీసులు చాలావరకు లోపలి పట్టణాలకు తీసుకుపోయారు, బాంబులు పడితే తప్పించుకుంటాయేమోనని జూలోని క్రూరమృగాల్ని కాల్చి చంపేశారు. ఈ జూ సంగతి చెప్పిన రోజు పిల్లలు ఇంటికెళ్ళి మిగతా పాఠమంతా మర్చిపోయినా ఇదొక్కటీ చెబుతారు. పర్వాలేదు, తలుపు తెరుచుకుంది కదా.

మొదటి మెట్టు వెనక్కి: ర్యూజో ధైర్యంగా బంగాళాఖాతంలోకి ఎలా రాగలిగింది? బ్రిటన్ అప్పటికే సింగపూర్‌ని పోగొట్టుకుంది (ఫిబ్రవరి 15), రంగూన్‌ని పోగొట్టుకుంది (మార్చి 8). రంగూన్ దగ్గర ఆగండి. ఒక పిరియడ్ మొత్తం ఇక్కడే ఖర్చుపెట్టండి, నష్టం లేదు.

మన వైపు నుంచి రంగం, అంటే రంగూన్, వెళ్ళడమన్నది ఒకప్పుడు ఇప్పటి హైదరాబాద్, బెంగళూరు వలసల్లాగే మామూలు సంగతి. గోపాలపూర్, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లు పోయేవి. రేవుల్లో బస్తాలు మోసేది, వడ్లమిల్లుల్లో పనిచేసేది, రిక్షా లాగేది చాలామట్టుకు మనవాళ్ళే. 1931 జనగణన ప్రకారం రంగూన్ జనాభాలో సగానికి మించి భారతీయులే. అంతకు ముందు ఏడాది, 1930లో, రేవు కూలీ పనుల దగ్గర తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ పెద్ద గొడవలై ప్రాణాలు పోయాయి. ఇది దాచకుండా చెప్పండి. యుద్ధం వచ్చినప్పుడు మనవాళ్ళు అక్కడ ఉండలేకపోవడానికి బాంబులొక్కటే కారణం అనుకుంటే సగం కథే అవుతుంది.

1941 డిసెంబర్ 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి, క్రిస్మస్ రోజున మళ్ళీ పడ్డాయి. రేవు కూలీలు పారిపోయారు. ఓడ టికెట్లు డబ్బున్నవాళ్ళకు, తెల్లవాళ్ళకు దొరికాయి. మిగతావాళ్ళు నడిచారు. అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగ్ వైపు కొందరు, తమూ మీదుగా మణిపూర్‌కి కొందరు, అన్నిటికన్నా ఘోరమైన హుకాంగ్ లోయ గుండా అస్సాంకి కొందరు. మొత్తం మీద నాలుగైదు లక్షల మంది వచ్చారని అంచనా. మలేరియా, కలరా, ఆకలితో దారిలో వేలల్లో పోయారు.

ఇప్పుడు హోంవర్క్. "యుద్ధం గురించి ఇంట్లో అడిగి రండి" అంటే ఏమీ రాదు. "మన వాళ్ళెవరైనా రంగం వెళ్ళారా, వెళ్తే ఏం తెచ్చారు?" అని అడగమనండి. వస్తువు గురించి అడిగితే ముసలివాళ్ళకు మాట కదులుతుంది. ఒకసారి ఒకమ్మాయి గుండ్రటి తమలపాకుల డబ్బా పట్టుకొచ్చింది. వెదురు సన్నగా చీల్చి అల్లి, పైన ఎర్రలక్క పూసి, దాని మీద సన్నటి గీతలు చెక్కి ఉన్నాయి. మూత తీస్తే లోపల రెండు పళ్ళేలు ఒకదానిలో ఒకటి దిగి ఉన్నాయి. "మా ముత్తాత యుద్ధంలో నడిచొస్తూ తెచ్చాడు" అంది. తరగతంతా నోరెళ్ళబెట్టింది. వెనక బెంచీ కుర్రాడు ఒకడు "ప్రాణాలు పోతుంటే తమలపాకుల డబ్బా మోసుకొస్తాడా?" అన్నాడు. మంచి ప్రశ్న, చరిత్రకారుడు అడగాల్సిన ప్రశ్నే. ఆ పిల్ల మళ్ళీ ఇంటికెళ్ళి అడిగితే అసలు సంగతి బయటపడింది. ముత్తాత వచ్చింది 1942లోనే, చేతులూపుకుంటూ. డబ్బా తెచ్చింది 1960ల్లో ఓడలో తిరిగొచ్చిన ఇంకో బంధువు.

ఇది ఆ ఒక్క ఇంటి గొడవ అనుకోకండి. బర్మా నుంచి మనవాళ్ళు రెండుసార్లు వచ్చారు. 1942లో జపాన్ భయంతో మొదటిసారి. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చి, ఆ తర్వాత దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక రెండోసారి. ఇప్పుడు ఊళ్ళలో కనిపించే బర్మా కాలనీల్లో ఎక్కువ ఆ రెండో రాకకు చెందినవే. ఇళ్ళల్లో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. మీ పిల్లలు తెచ్చే ప్రతి కథనూ ఈ జల్లెడలో వెయ్యండి: ఓడలో వచ్చారా, నడిచి వచ్చారా? స్వాతంత్ర్యం ముందా, తర్వాతా? సాక్ష్యాన్ని పరీక్షించడమంటే ఏమిటో దీనికన్నా బాగా నేర్పే పాఠం నాకు పుస్తకంలో ఎక్కడా కనబడలేదు. అయితే ఒక జాగ్రత్త. వలస వెళ్ళినవాళ్ళలో అప్పుచేసి వెళ్ళినవాళ్ళు, తిరిగి రానివాళ్ళు, అక్కడ ఇంకో సంసారం పెట్టినవాళ్ళు ఉంటారు. ఏ ఇంటి కథనూ తరగతిలో గట్టిగా చదివించకండి, చెప్పాలనుకున్నవాళ్ళే చెబుతారు.

తర్వాతి మెట్లు కొంచెం వేగంగా దిగొచ్చు. జపాన్ బర్మా దాకా ఎందుకొచ్చింది? 1937 నుంచి చైనాతో యుద్ధంలో కూరుకుపోయి ఉంది, బర్మా రోడ్డు మీదుగా చైనాకు సరుకు వెళ్తోంది, దాన్ని తెంపాలి. 1941 జులైలో దక్షిణ ఇండోచైనాలో (ఇప్పటి వియత్నాం, కంబోడియా వైపు) దిగేసరికి అమెరికా చమురు ఆపేసింది. చమురు ఇండోనేసియా దీవుల్లో ఉంది. అమెరికా అడ్డు రాకుండా డిసెంబర్ 7న దాని నౌకాస్థావరం పెర్ల్ హార్బర్‌ని జపాన్ కొట్టింది. సరే, ఇండోచైనా ఫ్రాన్సుది కదా, జపాన్‌ని ఎలా రానిచ్చింది? 1940 జూన్‌లోనే ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయింది కాబట్టి. చూశారా, యూరప్ వచ్చేసింది. జర్మనీ ఫ్రాన్సు మీదికి ఎందుకు వెళ్ళింది, దానికి ముందు 1939 సెప్టెంబర్ 1న పోలండ్ మీదికి ఎందుకు వెళ్ళింది అని అడిగేది ఇక పిల్లలే.

యూరప్‌కి పోయేముందు "ఎవరు నిర్ణయించారు" అన్న ప్రశ్నను మన గడప దగ్గర ఒకసారి అడగండి. 1939 సెప్టెంబర్ 3న భారతదేశం యుద్ధంలో ఉందని వైస్రాయ్ లిన్‌లిత్‌గో ప్రకటించాడు. ఎన్నికైన ఒక్క సభనూ, ఒక్క నాయకుణ్ణీ అడగలేదు. దానికి నిరసనగా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి, ఒరిస్సాలో బిశ్వనాథ్ దాస్ మంత్రివర్గం కూడా. రెండేళ్ళు గవర్నర్ పాలన నడిచాక 1941 నవంబర్‌లో మళ్ళీ మంత్రివర్గం ఏర్పడింది. దానికి ప్రధానమంత్రి (అప్పట్లో ముఖ్యమంత్రిని అలా అనేవారు) ఎవరు? మీ పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి. పిల్లలు రోజూ చూసే కాలేజీ పేరులో ఉన్న మనిషి! విశాఖ మీద బాంబులు పడ్డప్పుడు ఒరిస్సా ప్రభుత్వం ఆయన చేతిలో ఉంది. ఆయన యుద్ధంలో బ్రిటన్ పక్షాన నిలిచారు, బిశ్వనాథ్ దాస్ పార్టీ వాళ్ళు జైళ్ళకు వెళ్ళారు. ఇద్దరూ గంజాం గడ్డ నుంచి వచ్చినవాళ్ళే. ఒకరు దేశభక్తుడు, ఒకరు ద్రోహి అనే తీర్పు మీరు ఇవ్వకండి. ప్రత్యేక ఒరిస్సా కోసం మహారాజా చేసిన పనీ, యుద్ధకాలంలో తీసుకున్న వైఖరీ రెండూ బోర్డు మీద పెట్టి వదిలెయ్యండి. పెద్దపిల్లలకు అంతమాత్రం బరువు మోయగల శక్తి ఉంటుంది.

యుద్ధంలో ధరలు పెరిగిన సంగతి చెప్పడానికి ఒక చిన్న ఆట ఉంది, ఇది నిక్కచ్చిగా పనిచేస్తుంది. ఐదుగురు పిల్లల్ని ముందుకు పిలిచి తలా రెండు చీటీలు ఇవ్వండి. బల్ల మీద ఐదు పెన్సిళ్ళు పెట్టి ఒక్కొక్కటీ వేలం వెయ్యండి. ఒకటో రెండో చీటీల దగ్గర ఆగుతుంది, దాదాపు అందరికీ దొరుకుతుంది. రెండో విడతలో అందరికీ మళ్ళీ రెండేసి చీటీలు ఇచ్చి, ముగ్గురికి మాత్రం ఇంకో నాలుగేసి ఎక్కువ ఇవ్వండి: మిలటరీ కాంట్రాక్టరు, మిల్లు యజమాని, కలకత్తాలో సర్కారు ఉద్యోగి. మిగతా ఇద్దరూ కూలీలు. పెన్సిళ్ళు నాలుగే పెట్టండి. వేలం మూడు నాలుగు చీటీలకు ఎక్కుతుంది, కూలీలిద్దరూ చేతుల్లో రెండేసి చీటీలు పట్టుకుని నిలబడిపోతారు. "పెన్సిళ్ళు లేవా?" అని అడగండి. "ఉన్నాయి, మాకే దొరకలేదు" అంటారు.

అప్పుడు లెక్క చెప్పండి. యుద్ధానికి కావాల్సిన సరుకు, సైనికుల ఖర్చు బ్రిటన్ ఇక్కణ్ణుంచి తీసుకుని, దానికి బదులు లండన్‌లో పౌండ్లు జమ రాసుకునేది. ఆ జమ చూపించి ఇక్కడ రూపాయి నోట్లు అచ్చువేశారు. యుద్ధం ముగిసేసరికి చలామణిలో ఉన్న నోట్లు ఐదు రెట్లకు పైగా పెరిగాయి, లండన్‌లో జమ 130 కోట్ల పౌండ్ల దాకా చేరింది. సరుకు మాత్రం ఆ మేరకు పెరగలేదు. పైగా రంగూన్ పోవడంతో బర్మా బియ్యం ఆగింది. శత్రువుకి అందకూడదని బెంగాల్ తీరంలో పడవలు లాగేసుకున్నారు, బియ్యం తరలించారు. 1942 అక్టోబర్‌లో మిద్నాపూర్ తుపాను పంటను ముంచింది. వ్యాపారులు నిల్వలు బిగబట్టారు. 1943లో బెంగాల్‌లో కరువు. ప్రభుత్వ విచారణ సంఘం 15 లక్షల చావులంది, తర్వాతి పరిశోధకుల్లో చాలామంది 30 లక్షలంటారు. ఒరిస్సా తీర జిల్లాల్నీ ఆకలి తాకింది. కరువుకి ఒకే కారణం చెప్పమని పరీక్షలో అడిగితే పిల్లలు తుపాను అని రాస్తారు. ఆట ఆడినవాళ్ళు అలా రాయరు.

కొరాపుట్, మల్కన్‌గిరి వైపు ఉన్న మాస్టార్లెవరైనా ఇది చదువుతుంటే ఆదివాసీ నాయకుడు లక్ష్మణ నాయక్ ఘట్టానికి ఒక పిరియడ్ ఇవ్వండి. గజపతి జిల్లాలో ఉన్న మీరూ ఇవ్వొచ్చు, మీ సవర పిల్లల కోసం. విశాఖ మీద బాంబులు పడ్డ రోజున బ్రిటిష్ మంత్రి స్టాఫర్డ్ క్రిప్స్ ఢిల్లీలో కాంగ్రెస్‌తో బేరాలాడుతున్నాడు. బేరం తెగలేదు. జపాన్ గుమ్మంలో ఉంది, బ్రిటన్ అధికారం వదలదు. ఆగస్టు 8న క్విట్ ఇండియా. ఆగస్టు 21న మత్తిలి పోలీస్ స్టేషన్ దగ్గరికి లక్ష్మణ నాయక్ నాయకత్వంలో జనం వెళ్ళారు. లాఠీలు, కాల్పులు, చావులు. ఒక ఫారెస్ట్ గార్డు కూడా చనిపోయాడు. ఆ హత్య నాయక్ మీద మోపి ఉరిశిక్ష వేశారు. 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరితీశారు. పిల్లల్ని రెండు గుంపులు చేసి, పోలీసు రిపోర్టు ఒక గుంపునీ, ఊరివాళ్ళ వాంగ్మూలం ఇంకో గుంపునీ ఐదేసి వాక్యాల్లో రాయమనండి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి, ఏ మాటలు రెండింటిలోనూ ఉన్నాయి, ఏవి ఒకదానిలోనే ఉన్నాయి అని గీతలు గీయించండి. హిట్లర్ దగ్గరికి వెళ్ళే ముందు ఈ కసరత్తు చేయించడం మంచిది.

మీ కుర్రాడి సంగతి. ముందుగా, వాణ్ణి తిట్టకండి. హిట్లర్‌ని "పవర్‌ఫుల్ లీడర్"గా చూపే వీడియోలు ఫోన్లో బోలెడు. వాడు విన్నది చెప్పాడు, అందరిముందూ చెప్పాడు, అది మీకు మేలే. మనసులో ఉంచుకున్న నలుగురి కోసం కూడా ఇప్పుడు జవాబు చెప్పొచ్చు.

వాడికి మూడు విషయాలు చూపించండి. ఒకటి, అధికారం ఎలా వచ్చింది. 1932లో జర్మనీలో 60 లక్షల మందికి పనిలేదు. 1923లో నోట్ల కట్టలు చిత్తుకాగితాలైన సంగతి జనం ఇంకా మర్చిపోలేదు. మీ పెన్సిళ్ళ ఆట ఇక్కడ మళ్ళీ పనికొస్తుంది. 1932 నవంబర్ ఎన్నికల్లో నాజీ పార్టీకి వచ్చింది 33 శాతం ఓట్లు, అది కూడా జులైలో వచ్చిన 37 కన్నా తక్కువ. జర్మన్లంతా ఎగబడి గెలిపించారన్నది అబద్ధం. హిట్లర్‌ని ముందుపెట్టి మన పని కానిచ్చుకుందామనుకున్న పెద్దమనుషులు 1933 జనవరి 30న కుర్చీ ఎక్కించారు. ఫిబ్రవరి 27న పార్లమెంటు భవనం తగలబడింది, మర్నాడే పౌరహక్కులు రద్దు. మార్చి 23న పార్లమెంటుతో పనిలేకుండా చట్టాలు చేసే అధికారం. కమ్యూనిస్టు సభ్యుల్ని అప్పటికే రానివ్వలేదు, వ్యతిరేకంగా ఓటేసింది సోషల్ డెమోక్రాట్లు 94 మందే. రెండు నెలలు నిండకముందే అంతా అయిపోయింది. ఈ తేదీల్ని ఒక గీత మీద పెట్టించి, "ఎక్కడ ఆపి ఉండొచ్చు? ఎవరు ఆపి ఉండొచ్చు?" అని అడగండి. ఈ పాఠం మొత్తంలో నేను ఎక్కువ సేపు నిలబడేది ఇక్కడే.

రెండు, "దేశానికి మంచి చేశాడు" అన్న మాట. ఉద్యోగాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఎక్కువగా ఆయుధాల తయారీ, సైన్యం నుంచి. అది యుద్ధంతో తప్ప తీరని అప్పు. చివరికి 50 లక్షలకు పైగా జర్మన్ సైనికులే చచ్చారు, బెర్లిన్ శిథిలమైంది, దేశం రెండు ముక్కలైంది. మూడోది మన కుర్రాళ్ళకు సూటిగా తగులుతుంది. భారతదేశం బ్రిటిషువాళ్ళ కిందే ఉండటం తనకిష్టమని హిట్లర్ తన పుస్తకంలోనే రాసుకున్నాడు. బ్రిటన్‌కి ఇండియా ఎలాగో తనకు రష్యా అలా కావాలన్నది వాడి ఆలోచన. అంటే వాడి లోకంలో మనం ఏ బల్ల మీద ఉంటామో పిల్లాడే తేల్చుకుంటాడు.

యూదుల హత్యాకాండ దగ్గర రెండు మాటలు గట్టిగా చెబుతాను. శవాల గుట్టల ఫోటోలు స్మార్ట్ క్లాస్ తెర మీద వెయ్యకండి. పిల్లలు భయంతో నవ్వుతారు, ఆ నవ్వు చూసి మీకు కోపం వస్తుంది, పాఠం అక్కడితో సరి. 60 లక్షల మంది, వాళ్ళలో 15 లక్షల దాకా పిల్లలే అని చెప్పి, అక్కడిదాకా ఎలా వచ్చిందో వరస చెప్పండి: మొదట ఉద్యోగాల నుంచి తీసేశారు, 1935లో పౌరసత్వం తీసేశారు, జర్మన్లతో పెళ్ళిళ్ళు నిషేధించారు, 1938 నవంబర్‌లో దుకాణాలు, ప్రార్థనాలయాలు తగలబెట్టారు, 1941లో బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టించుకోమన్నారు. గుంపులు గుంపులుగా చంపడం మొదలైంది కూడా ఆ ఏడాదే. రెండోది, ట్రైనింగుల్లో కొందరు చెప్పే నాటకం ఉంది, సగం మందిని యూదులుగా విడిగా కూర్చోబెట్టడం. అది మన బళ్ళలో అస్సలు వద్దు. మన ఊళ్ళలో విడిగా కూర్చోవడం, వేరే గ్లాసు అన్నవి కొందరు పిల్లల ఇళ్ళల్లో ఇప్పటికీ చెప్పుకునే అనుభవాలు. వాళ్ళతో అది ఆటగా ఆడించడం తప్పు. ఆ పోలిక పిల్లలు తమంతట తాము తెస్తే మాత్రం వినండి, మాట మార్చకండి. నా తరగతుల్లో తెచ్చారు.

హిట్లర్ తర్వాత వచ్చే ప్రశ్న ఖాయం: "మరి నేతాజీ హిట్లర్‌ని కలిశారు కదా?" ఒడిశాలో ఇది ఇంకా సున్నితం, ఆయన పుట్టింది కటక్‌లో. దాటెయ్యకండి. అవును, 1942 మేలో కలిశారు. శత్రువుకి శత్రువు మిత్రుడన్న లెక్కతో వెళ్ళారు, పెద్దగా ఏమీ దొరకలేదు, 1943లో జలాంతర్గామిలో తూర్పుకి వచ్చి ఆజాద్ హింద్ ఫౌజ్ నడిపించారు. 1944లో ఇంఫాల్, కోహిమా దగ్గర జపాన్‌తో కలిసి ఫౌజ్ ఒకవైపు, బ్రిటిష్ ఇండియా సైన్యంలో మనవాళ్ళు ఇంకోవైపు. రెండువైపులా మనవాళ్ళే. 25 లక్షల మంది స్వచ్ఛందంగా చేరిన సైన్యం అది, 87 వేల మంది చనిపోయారు. జీతం కోసం చేరినవాడూ ఉన్నాడు, నమ్మి చేరినవాడూ ఉన్నాడు. మలయా తోటల నుంచి పట్టుకుపోయి జపాన్ సయాం (థాయ్‌లాండ్)–బర్మా రైలుదారి వేయించిన ఆసియా కూలీల్లో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారన్నది కూడా ఇక్కడే చెబితే, "జపాన్ మనల్ని విడిపించడానికి వచ్చింది" అన్న అమాయకపు మాట దానంతటదే తగ్గుతుంది.

హిరోషిమా, నాగసాకి గురించి "వెయ్యొచ్చా, వెయ్యకూడదా" అని డిబేట్ పెట్టమని కొన్ని గైడ్లు చెబుతాయి. అరగంట డిబేట్‌లో గట్టిగా అరిచినవాడే గెలుస్తాడు. 1945 ఆగస్టు 6, 9 తేదీల్లో ఏం జరిగిందో, ఆ మధ్య 8న సోవియట్ యూనియన్ జపాన్ మీద యుద్ధం ప్రకటించిందనీ చెప్పి వదిలేస్తే చాలు.

భాష సంగతి. వివరించేటప్పుడు తెలుగు, ఒడియా కలిపి మాట్లాడటానికి సిగ్గుపడకండి. కానీ బోర్డు మీద రాసే పేర్లు, పదాలు పరీక్షలో రాసే ఒడియాలోనే ఉండాలి. తెలుగులో బాగా చర్చించి, కాగితం మీద ఏమీ రాయలేక మార్కులు పోగొట్టుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను. సవర పిల్లలకు రెండూ పరాయి భాషలే. వాళ్ళ చేత మ్యాపులు, తేదీల గీతలు ఎక్కువ చేయించండి, అక్కడ వాళ్ళు వెనకబడరు. చివరి పిరియడ్‌లో మెట్లన్నీ తిరగేయించండి: 1919 నుంచి 1945 దాకా, ఇప్పుడు పుస్తకం వరసలో. పరీక్ష అడిగేది ఆ వరసే. అరపిరియడ్‌లో పూర్తవుతుంది, ఎందుకంటే లింకులు వాళ్ళకు అప్పటికే తెలుసు. పరీక్ష టెన్షన్ ఉన్న హెడ్మాస్టరు వచ్చి అడిగినా చూపించడానికి మీకది ఉంటుంది.

ఏడాదికోసారి టూర్‌కి అనుమతి దొరికితే ఈసారి విశాఖ పెట్టుకోండి. గుణుపూర్ నుంచి పర్లాకిమిడి మీదుగా విశాఖ రైలు ఉంది. బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఆనాడు పడి పేలని బాంబు ఒకటి పెట్టారు. దాని ముందు సెల్ఫీలకు ఐదు నిమిషాలిచ్చి, తర్వాత నోటు పుస్తకాలు తీయించండి. పక్కన బోర్డు మీద రాసింది కాపీ చేయించి, అందులో లేనివి మూడు ప్రశ్నలు రాయమనండి. మర్నాడు తరగతిలో ఆ ప్రశ్నలతోనే రివిజన్ మొదలుపెట్టొచ్చు.